ప్రతిసారీ కొత్త ముఖం

కొత్తగా ఈ ఒడ్డుకు చేరిన పాఠకుల కోసం, వెనుక నడిచినది క్లుప్తంగా ఇది. 2007వ సంవత్సరం, ఆగస్టు నెల. గద్వాలలోని నదీతీర రైతు సేవా సంఘం కార్యాలయంలో కంప్యూటరు వ్యవహారాలు చూసే యువతి నిరోష. పట్టణానికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరాన, కృష్ణానది నడుమ చింతలగడ్డ అనే దీవి ఉన్నది. ఆ దీవి మీది పొలాలలో కలుపు తీయడానికి చింతలరేవు నుంచి కూలి స్త్రీలు ప్రతి ఉదయం పుట్టి అనే గుండ్రని బుట్టపడవ ఎక్కి వెళ్తారు. పని ముగిశాక అదే పుట్టిలో తిరిగి వస్తారు. నిరోష తల్లి బుజ్జమ్మ వారిలో ఒకతె. రేవులోని వెదురుగడకు తెల్లగుడ్డ ఎగురుతున్నంతసేపు పుట్టి నడుస్తుంది, ఎర్రగుడ్డ ఎక్కితే ఆగుతుంది. ఏ గుడ్డ ఎగరాలో తేల్చేది, ఎగువ ఆనకట్ట దగ్గర పంపు ఆపరేటరుగా ఉన్న దేవరాజు ఈ-మెయిల్ లో పంపే చీటీ. కార్యాలయానికి వచ్చిపడుతున్న లాటరీ మోసాల, మందుల ప్రకటనల మెయిళ్లను అరికట్టడానికి సోమవారం నాడు నిరోష ఒక కొత్త కాపలా ఏర్పాటు చేసి, అందరి మెప్పు పొందింది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు దేవరాజు ఫోన్ చేశాడు. ఒక్క వాక్యం పూర్తి కాకముందే లైను తెగిపోయింది.

రిసీవరు నిరోష చెవి దగ్గరనే ఉండిపోయింది.

"నిరోషమ్మా, పొద్దుగాల్ల పంపిన చీటీ చేరింది గద? నేను బస్సుల ఉన్న" అన్నాడు దేవరాజు. ఆ తరువాత ఏదో అనబోయాడు. ఆయన తెలుగు మాటలకు ఎప్పుడూ కన్నడపు సాగు ఒకటి ఉంటుంది. ఈసారి అది లేదు. తొందరలో మనిషి తన యాసను కూడా మరచిపోయాడు కాబోలు. నిరోష తిరిగి మూడుసార్లు ఆ నంబరు కలిపింది. మూడుసార్లూ, మీరు కోరిన వ్యక్తి అందుబాటులో లేరని ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, రేవు పేరిట ప్రత్యేకంగా కేటాయించిన మెయిలు పెట్టెను తెరిచింది. అది ఖాళీగా ఉన్నది. కార్యాలయపు పెట్టెలో మాత్రం ఉదయం నుంచి తొమ్మిది మెయిళ్లు వచ్చాయి. తొమ్మిదీ పనికివచ్చేవే. లాటరీ తగిలిందన్న శుభవార్త ఒక్కటీ లేదు. మూడు రోజులుగా ఆమె గర్వంగా చూసుకున్న శుభ్రత అది. ఈ గడియలో అదే శుభ్రత ఆమెను భయపెట్టింది.

దానికి కారణం సంఘంలో పాతుకుపోయిన ఒక పద్ధతి. దేవరాజు రోజూ రాయడు. ఏటిలో మార్పు ఉన్ననాడు మాత్రం తప్పక ఊరిలోని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, అందరూ వాడే ఒక పెద్ద కంపెనీ ఉచిత మెయిలు నుంచి నాలుగు ముక్కలు పంపుతాడు. చీటీ రాలేదంటే ఏరు నిన్నటి లెక్కనే ఉన్నట్లు. ఊళ్లను ముంచే వరదకు ప్రభుత్వపు హెచ్చరికలు, దండోరాలు వేరే ఉన్నాయి. కాని పుట్టిని తిప్పివేయడానికి అంత నీరు అక్కరలేదు. ఆ కొద్దిపాటి నీటి కబురు కోసమే సంఘం ఈ ఏర్పాటు చేసుకున్నది. నాలుగు వానాకాలాలు గడిచాయి. దేవరాజు మౌనం ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు.

నిరోష లేచి కార్యదర్శి గదిలోకి నడిచింది.

కృష్ణయ్య గారు వనపర్తిలో ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినవారు. బల్ల మీది కాగితం అంచు బల్ల అంచుతో సరిగా కలవకపోతే సరిచేసి గాని మాట మొదలుపెట్టరు. ఇప్పుడు కూడా సరిచేసి, తలెత్తి చూశారు.

"సార్, రేవుల ఎర్రగుడ్డ కట్టియ్యాలె."

"చీటీ వచ్చిందా?"

"రాలే సార్. పంపిన అని దేవరాజన్న ఫోన్ జేసిండు. మాట నడుమనే కట్టయింది."

"ఏటి సంగతే పంపిన అన్నడా?"

"చీటీ అన్నడు. అంతవరకే ఇనవడ్డది."

"దేవరాజు పంపు బెల్టు తెగినా చీటీ రాస్తడమ్మా. మోటరు కాలితే రాస్తడు. మొన్న వాళ్ల బిడ్డ నర్సింగు సీటు ఫారం సుత మనకే పంపిండు, ప్రింటు తీసియ్యమని." ఆయన గొంతులో కోపం లేదు, నచ్చజెప్పే ఓపిక ఉన్నది. నిరోషకు ఆ ఓపికే భయం పుట్టించింది. "జూలైల ఏమైందో నీకు యాదికి లేదా?"

యాదికి లేకపోవడం ఎట్లా సాధ్యం? జూలైలో ఎవరో ఫోన్ లో చెప్పిన మాట పట్టుకుని రేవులో ఎర్రగుడ్డ ఎగరవేశారు. పుట్టి ఆగింది. ఆ మధ్యాహ్నమే దీవి మీద ఒక నిండు గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి. ఈవలి ఒడ్డున ఆటో సిద్ధంగా ఉన్నది, గద్వాల దవాఖాన ఉన్నది, నడుమ నిశ్చలమైన నీరు ఉన్నది. గుడ్డ మాత్రం ఎర్రగా ఉన్నది. ఏరు ఆ రోజు వేలెడు కూడా పెరగలేదు. బిడ్డ దక్కలేదు. రాతలో చీటీ వస్తేనే గుడ్డ మారాలన్న నియమాన్ని కృష్ణయ్య గారు ఆ మరునాడే స్వహస్తంతో రాసి గోడకు అంటించారు.

"ఆ పిల్ల ఎవరి కోడలో ఎరుకనే గద నీకు" అన్నారాయన, గొంతు తగ్గించి. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న కాపలాదారు పెద్దన్న వీపు కిటికీలోంచి కనిపిస్తూ ఉన్నది.

"సార్, మా అమ్మ గడ్డ మీదున్నది."

"ఎరుక. అందుకే నీ మాట మీద గుడ్డ మార్చలేను. రేపు పుట్టి నడిపే నర్సింహులు ఏమంటడు? ఆఫీసు పిల్లకు భయమైతే గుడ్డ ఎర్రగైతది, భయం పోతే తెల్లగైతది అంటడు. ఆనాటి నుంచి ఏ గుడ్డనూ ఎవ్వడూ నమ్మడు. అట్ల నమ్మనినాడే మనుషులు మునుగుతరు." ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చీటీ చూపియ్యి. చూపిచ్చిన నిమిషంల నేనే ఫోన్ చేస్త."

ఆయన మాటలలో తప్పు వెదకడానికి నిరోష ప్రయత్నించింది. దొరకలేదు.

తన బల్ల దగ్గరకు వచ్చి, చింతలరేవులోని టీకొట్టుకు ఫోన్ చేసింది. ఆ రేవుకు ఉన్న ఫోన్ అదొక్కటే. కొట్టు యజమానురాలు లక్ష్మీదేవమ్మ ఎత్తింది. వెనుక స్టవ్వు చప్పుడు వినిపించింది.

"అక్కా, నేను నిరోషను. నీళ్లెట్లున్నయి?"

"పొద్దున లెక్కనే ఉన్నయి బిడ్డా. రంగే జర మారినట్టు కొడ్తున్నది. మట్టి మట్టిగ ఉన్నయి. మీదికెల్లి ఏమన్న వాన పడ్డదో ఏమో."

"పుట్టి యాడున్నది?"

"గడ్డ దిక్కే. నర్సింహులు ఆడ సద్ది తింటుంటడు. మూడు గంటలకు ఆడోళ్లను ఎక్కిచ్చుకుంటడు గద."

"అక్కా, ఒక్కసారి ఎర్రగుడ్డ ఎగరేస్తవా? నా మాట మీద."

స్టవ్వు చప్పుడు ఆగింది. లక్ష్మీదేవమ్మ దానిని ఆర్పివేసినట్లున్నది.

"జూలైల ఎగరేసింది నేనే" అన్నదామె. "ఎవరో ఫోన్ల చెప్పిన్రు, ఉరికిపోయి కట్టిన. మంచే చేస్తున్న అనుకున్న. ఆ పిల్ల గడ్డ మీద ఒర్లుతుంటే ఈడిదాంక ఇనవడ్డది బిడ్డా. సారు నోటెంట రావాలె. సారు చెప్తే ఒక్క ఉరుకుల పోయి కడ్త. మళ్ల నా అంతట నేను ఆ గుడ్డ ముట్ట."

నిరోష ఫోన్ పెట్టేసింది. గోడ గడియారంలో ఒంటిగంట ఇరవై నిమిషాలు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆమె మెయిళ్లను అందుకునే సర్వరు చిట్టాను తెరిచింది. కార్యాలయానికి వచ్చే ప్రతి మెయిలు ఎన్నిగంటలకు తలుపు తట్టిందో, దానికి ఏమి జవాబు దొరికిందో సర్వరు అందులో వరుసగా రాసి పెట్టుకుంటుంది. రేవు పెట్టెకు వచ్చిన వరుసలను మాత్రమే ఏరి చూపమని అడిగింది. అయిదు వరుసలు వచ్చాయి. అయిదింటిలోనూ పంపినవారి స్థానంలో దేవరాజు పేరే ఉన్నది.

ఆరు గంటల పది నిమిషాలు. ఆరు ఇరవై అయిదు. ఆరు యాభై అయిదు. ఏడు యాభై అయిదు. తొమ్మిది యాభై అయిదు. ప్రతి వరుస చివరా సర్వరు ఇచ్చిన జవాబు ఒక్కటే: ఇప్పుడు కాదు, కాసేపాగి రండి.

ఆ జవాబును సర్వరుకు నేర్పింది తానే. గ్రేలిస్టింగ్ అని దాని పేరు. ముక్కూ మొహం తెలియనివారు మెయిలు తెస్తే, కాపలా ప్రోగ్రాము వారిని లోపలికి రానివ్వదు, పూర్తిగా వెళ్లగొట్టనూ కొట్టదు, కొంతసేపాగి రమ్మంటుంది. దొంగ మెయిళ్లు పంపేవారికి లక్ష ఇళ్లు తిరిగే తొందర కనుక, మళ్లీ రారు. నిజమైన పని ఉన్నవారు తప్పక వస్తారు. రెండవసారి వచ్చినవారిని గుర్తుపట్టి కాపలా తలుపు తీస్తుంది. సోమవారం నాడు కృష్ణయ్య గారికి ఇది వివరించడానికి ఆమె కష్టపడవలసిన అవసరమే కలగలేదు. "మన పెద్దన్న గేటు కాడ చేసేది ఇదే సార్" అన్నది. ఆయన ముచ్చటపడ్డారు. ఈ కాపలాకు సలహా ఇచ్చిన, వనపర్తి కాలేజీలో కంప్యూటర్లు చూసే దినేష్ ఒక మెయిలు పంపి చూశాడు. పావుగంటలో అది రెండవసారి వచ్చి, లోపలికి చేరింది. కాపలా చక్కగా పనిచేస్తున్నదని అందరూ అనుకున్నారు.

మరి దేవరాజు చీటీ అయిదుసార్లు వచ్చింది. అయిదుసార్లూ కాపలా దానిని మొదటిసారి చూస్తున్నట్లే చూసింది. ఎందుకు?

నిరోష ఆ అయిదు వరుసలను మళ్లీ మళ్లీ చదివింది. అక్షరాలు కళ్ల ముందు అలుక్కుపోయాయి. మూడు గంటలకు తల్లి పుట్టి అంచు పట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఎప్పటిలాగే అందరికంటె ఆఖరున ఎక్కుతుంది. బుజ్జమ్మకు ఈత రాదు. ఆ పుట్టిలో నర్సింహులుకు తప్ప ఎవరికీ రాదు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గొంతులు లేచాయి.

"ఏందయ్యా నువ్వు, మమ్ములను ఆటలాడిస్తున్నవా? పొద్దటిసంది ఇది మూడోసారి." నడివయసు స్త్రీ ఒకతె గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నది. పెద్దమందడి నుంచి పల్లీ విత్తనాల కోసం వచ్చిన మహిళా బృందంలోని ఎంకమ్మ ఆమె.

"మూడోసారేంది? నిన్ను ఇప్పుడే చూస్తున్న నేను" అన్నాడు పెద్దన్న. "కొత్తోళ్లు వస్తే జర ఆగి రమ్మంట. అది ఈడి కాయిదా."

"నన్ను ఇప్పుడే చూస్తున్నవ్. మా చెల్లెను ఇందాక చూసినవ్. దానికంటె ముందు మా వదినెను చూసినవ్. ఒక్కొక్కరికి ఒక్కొక్కసారి జర ఆగుమంటివి. మేం పన్నెండు మందిమి వచ్చినం. పన్నెండు మందిని ఆగుమంటవా? అట్లయితే ఈడ్నే గుడిసె ఏసుకుంటం, పొయ్యి పెట్టుకుంటం."

"ఆ చెల్లెనే మళ్ల రావొద్దా? వస్తే తీస్తుంటి గద."

"దానికి చంటిపిల్లున్నది, ఎండకు నిలవడలేక నీడకు పోయింది. కాగితం గదే, ఊరు గదే, పని గదే. తెచ్చిన మనిషి మారితే ఏమాయె?"

"నేను ముఖం గుర్తు పెట్టుకుంట గని కాగితం గుర్తు పెట్టుకుంటనా? నాకు సదువొస్తే ఈ స్టూలు మీదెందుకు కూసుంట?"

లోపల ఎవరో నవ్వారు. నిరోష నవ్వలేదు. ఆమె మెల్లగా తల తిప్పి తెర వైపు చూసింది.

పేరు కాదు, సమయం కాదు. ఆ రెంటి నడుమ ఉన్న అంకెల వరుసను ఆమె ఇంతసేపూ చూడలేదు. మెయిలు తెచ్చిన మిషను నంబరు అది. కాపలా ముఖంలా గుర్తుపెట్టుకునేది దానినే. మొదటి వరుసలో ఒకటి, రెండవ వరుసలో మరొకటి, మూడవ వరుసలో ఇంకొకటి. అయిదు వరుసలు, అయిదు వేరు వేరు నంబర్లు. చీటీ ఒకటే. తెచ్చిన మనిషి ప్రతిసారీ వేరు. ప్రతిసారీ కొత్త ముఖం.

ఆమె వెంటనే వనపర్తికి ఫోన్ కలిపింది.

"దినేష్ అన్నా, ఒక్క మాట. పెద్ద మెయిల్ కంపెనీలు చీటీని మళ్ల పంపేటప్పుడు వేరే మిషిను కెల్లి పంపుతయా?"

"అట్లనే పంపుతయి చెల్లె. వాళ్లకు ఒక్క మిషిన్ ఉంటదా? వందలుంటయి. ఏది ఖాళీగుంటే అది వచ్చి తలుపు కొడ్తది. అందుకనే గద నీకు ఆ కాయితం ఇచ్చిన, పెద్ద కంపెనీలన్ని వైట్ లిస్టుల రాసిపెట్టు, వాళ్లను ఆగుమనొద్దు అని. రాయలేదా?"

కాగితం బల్ల సొరుగులో, పెట్టినచోటనే ఉన్నది. నాలుగు మడతలు.

"లాటరీ దొంగల చీటీలన్ని ఆ కంపెనీల పేరు మీదనే వస్తుండె అన్నా. వాళ్లకే తలుపు తీస్తే ఇగ కాపలా ఎందుకు అనుకున్న. సారు సుత ఎవ్వరికీ మినహాయింపు ఉండొద్దు అన్నడు. నాకు అదే న్యాయం అనిపిచ్చింది."

"పేరు ఎవడైన రాసుకుంటడు చెల్లె. దొంగలు ఆ పేరును వాడుకున్నరు, అంతే. కాయితంల నేను రాసింది పేర్లు గాదు, ఆ కంపెనీల మిషిన్ల నంబర్లు. ఆ నంబర్లను దొంగలు ఎత్తుకపోలేరు. ఇప్పుడన్న ఎక్కియ్యి. ఏమైంది, గొంతు గట్లున్నదేంది?"

ఆమె ఫోన్ ను భుజానికీ చెవికీ నడుమ ఇరికించుకుని, కాగితంలోని నంబర్లను ఒక్కొక్కటే సర్వరులోని నమ్మకస్తుల జాబితాకు ఎక్కించింది. ఒక అంకె తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టింది. కాపలా ప్రోగ్రామును ఆపి తిరిగి నడిపించింది. ఒంటిగంట ముప్పై ఎనిమిది.

"అన్నా, ఎక్కిచ్చిన. ఇప్పుడు చీటీ వస్తదా?"

"రాదు. మనం పిలిస్తే రాదు. అది వాళ్లకాడ ఉన్నది. వాళ్లు మళ్ల తలుపు కొట్టినప్పుడే వస్తది. ఆఖరిసారి ఎప్పుడు కొట్టిన్రు?"

"తొమ్మిది యాభై అయిదుకు. మొదలు పావుగంట ఆగిన్రు, ఎనకసీరి అరగంట, ఆ మీద గంట, రెండు గంటలు."

"ప్రతిసారి రెండింతలు చేస్తున్నరు. అంటే ఇప్పుడు నాలుగు గంటలు. ఒకటి యాభై అయిదుకు కొడ్తరు. అది తప్పితే రాత్రి పదయితది."

ఒకటి నలభై రెండుకు కరెంటు పోయింది.

గురువారం కోత రెండు గంటల నుంచి మొదలు కావాలి. ఎవరో తొందరపడ్డారు. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుమని కూసింది. పాత బ్యాటరీ అది. ఇరవై నిమిషాలు నిలబడితే గొప్ప. నిరోష మిగిలిన రెండు కంప్యూటర్ల తీగలనూ ప్రింటరు తీగనూ దాని నుంచి పెరికివేసింది. సర్వరు, బ్రాడ్ బ్యాండ్ పెట్టె, తన ముందున్న తెర, ఇవి మాత్రమే మిగిలాయి. తెర వెలుగును కూడా బాగా తగ్గించింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. కృష్ణయ్య గారు వచ్చి ఆమె వెనుక నిలబడ్డారు. ఆమె ఏమీ దాచకుండా, సొరుగులోని కాగితం సంగతితో సహా చెప్పింది. ఆయన ఆ అయిదు వరుసలను వేలితో ఒక్కొక్కటే తాకుతూ చదివారు.

"అయిదుసార్లు వచ్చిందా?"

"అయిదుసార్లు సార్. అయిదుసార్లు మనమే పొమ్మన్నం."

ఆయన మళ్లీ మొదటి వరుస మీద వేలు పెట్టారు. "అన్నిసార్లు తలుపు కొట్టిండంటే దేవరాజుది బెల్టు సంగతి కాదు. అవునా?"

ఆమె అవునంటే చాలు. ఆయన ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారని ఆమెకు అర్థమైంది. అవునంటే ఈ క్షణమే రేవుకు ఫోన్ వెళ్తుంది, తల్లి దీవి మీదనే ఉండిపోతుంది. పెదవి దాకా వచ్చిన మాట అక్కడ ఆగింది. కిటికీ అవతల పెద్దన్న పెద్దమందడి స్త్రీల కోసం గేటు తీసి, తన స్టూలును చంటిపిల్ల తల్లికి ఇస్తున్నాడు.

"కాదు సార్" అన్నది. "మళ్ల మళ్ల కొట్టేది దేవరాజన్న కాదు, ఆ కంపెనీ మిషిన్లు. బెల్టు చీటీ అయినా అన్నిసార్లే కొడ్తయి."

అనేశాక, ఎందుకన్నానా అనుకున్నది. కృష్ణయ్య గారు తల ఊపి, పక్క కుర్చీలో కూర్చున్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు గంట కొట్టించిన మనిషి, ఇప్పుడు గంట కోసం ఎదురుచూసే పిల్లవాడిలా గడియారం వైపు చూస్తూ ఉన్నారు.

ఒకటి యాభై అయిదు. ఏమీ రాలేదు. ఒకటి యాభై ఆరు. బ్యాటరీ కూత ఇంతకుముందు అర నిమిషానికి ఒకటి. ఇప్పుడు పది సెకన్లకు ఒకటి. లెక్క తప్పిందేమో. ఒక్క అంకె తప్పు ఎక్కించిందేమో. ఆరవ మనిషి ఇప్పటికే వచ్చి, మళ్లీ అదే మాట విని వెళ్లిపోయాడేమో.

ఒకటి యాభై ఏడుకు రేవు పెట్టెలో ఒక నల్లని వరుస మెరిసింది.

దేవరాజు ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాశాడు. నిరోష బయటికి చదివింది. "పొద్దున పది గేట్లు లేపిన్రు. నీళ్లు మస్తు వస్తున్నయి. మీ రేవు కాడికి పగటీలి మూడున్నరకు ఎక్కుతయి. పుట్టి నడపకున్రి. ఎర్రగుడ్డ కట్టున్రి."

చదవడం పూర్తి కాకముందే కృష్ణయ్య గారు రిసీవరు ఎత్తారు. మొదటిసారి లైను కలవలేదు. రెండవసారి ఎంగేజ్. మూడవసారి లక్ష్మీదేవమ్మ పలికింది. చప్పుడు లేని గదిలో ఆమె గొంతు నిరోషకు కూడా స్పష్టంగా వినిపించింది.

"లక్ష్మీదేవమ్మా, కృష్ణయ్యను మాట్లాడుతున్న. చీటీ వచ్చింది. ఎర్రగుడ్డ కట్టు."

"అయ్యో సారూ, పుట్టి ఇప్పుడే గడ్డ ఇడిచిపెట్టింది. మబ్బు చూసి ఆడోళ్లు తొందర జేసినట్టున్నరు. నడి ఏట్ల ఉన్నది. ఇప్పుడు ఎర్రగుడ్డ చూస్తే నర్సింహులు అటే తిప్పుకుంటడు."

కృష్ణయ్య గారు గడియారం చూశారు. రెండు గంటల మూడు నిమిషాలు. ఆయన ముఖంలో ఇంతసేపటికి ఒక సడలింపు కనిపించింది. నిరోష కూడా గడియారమే చూసింది. మూడున్నర. ఇంకా గంటన్నర ఉన్నది. పుట్టి ఒడ్డు చేరడానికి అరగంట చాలు. అమ్మ ఈ పొద్దు ఇంటికి వస్తుంది. దీవి మీద తడిసిపోతూ పడి ఉండనక్కరలేదు.

"నీళ్లు మూడున్నరకు వస్తయంట. టైమున్నది" అన్నారు కృష్ణయ్య గారు. "వాళ్లను మళ్ల గడ్డ మీద నిలవెట్టొద్దు. తెల్లగుడ్డ అట్లనే ఉండనియ్యి. ఈ ఒక్క పుట్టి ఒడ్డెక్కినాక ఎర్రగుడ్డ కట్టు. నిదానంగా రమ్మని కేకెయ్యి, బెదరగొట్టకు."

"మంచిది సారూ. లైను పెట్టకున్రి, చెప్పి వస్త." రిసీవరును చెక్క బల్ల మీద పెట్టిన చప్పుడు, దూరమవుతున్న చెప్పుల చప్పుడు.

బ్యాటరీ పెట్టె ఇప్పుడు ఎడతెగకుండా కూస్తూ ఉన్నది. దాని పని ముగిసింది, ఇక ఆగిపోయినా పరవాలేదు. సర్వరును పద్ధతిగా ఆపుదామని నిరోష కీబోర్డు మీద చేయి వేసింది.

తెర మీద మరొక నల్లని వరుస మెరిసింది. అది రేవు పెట్టెలో కాదు, కృష్ణయ్య గారి సొంత పెట్టెలో. పంపినవారు దేవరాజు. పొద్దుటి నుంచి ఇది కూడా అదే తలుపు తడుతూ తిరిగింది కాబోలు. తాను రేవు పెట్టె వరుసలను మాత్రమే ఏరి చూసింది, దీనిని చూడనే లేదు. పంపిన సమయం ఉదయం ఆరు ఇరవై. మొదటి చీటీ తరువాత పది నిమిషాలకు.

విషయం అన్నచోట ఒక్క వాక్యం ఉన్నది. "సారూ, ఎనకటి చీటీల టైమ్ తప్పు వడ్డది. మూడున్నర గాదు, రెండు" అని మొదలై, చోటు చాలక అక్కడే తెగిపోయింది.

నిరోష దాని మీద నొక్కింది. తెర నల్లబడింది. బ్యాటరీ కూత ఆగిపోయింది.

రెండు గంటల ఆరు నిమిషాలు. ఆమె కృష్ణయ్య గారి చేతిలోంచి రిసీవరు లాక్కున్నది. "అక్కా" అని పిలిచింది. "అక్కా, గుడ్డ. ఎర్రగుడ్డ. ఇప్పుడే."

అవతల ఎవరూ లేరు. బల్ల మీద వెల్లకిలా పడి ఉన్న రిసీవరు, ఆ రేవు చప్పుళ్లన్నిటినీ ఒకటి తరువాత ఒకటి ఆమె చెవిలో పోస్తూ ఉన్నది. గాలికి కొట్టుకుంటున్న రేకు. లక్ష్మీదేవమ్మ కేక, నిదానంగా రమ్మని. నీటి మీదుగా తేలివచ్చిన ఆడవాళ్ల నవ్వు. అందులో ఒకటి బుజ్జమ్మదేమో.

ఆ నవ్వు కింద, ఇంకా చాలా దూరంలో, ఒక మోత. మొదట అది లైనులోని గరగర అనుకున్నది నిరోష. కాని లైను ఎన్నడూ అంత లోతుగా మోగలేదు. అది దగ్గరకు వస్తూ ఉన్నది.